మిద్దె మీద వేలాడిన విమానాలు

కాటన్‌పేటలో మా ఇంటి కింది గదిలో నేను ఇరవై రెండేళ్లు జెరాక్స్ అంగడి నడిపాను. ఒక జెరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను, టైపింగ్ పనులకు ఒక కంప్యూటరు, గోడవారగా రెండు స్టూళ్లు. అంతే.

జెరాక్స్ అంగడికి వచ్చేవాళ్లలో సగం మంది ఏదో ఒకటి మరచిపోయి పోతారు. అద్దం కింద రేషన్ కార్డు, స్టూలు మీద మార్కుల కార్డు. ఒకసారి ఒకావిడ ఏకంగా ఇంటి పత్రాలే వదిలేసి పోయింది. వాటిని పట్టుకుని వీధి మలుపు దాకా పరుగెత్తేదాన్ని. మనిషి దొరక్కపోతే కవరులో పెట్టి, పైన పేరు రాసి సొరుగులో దాచేదాన్ని. "జెరాక్స్ అక్క దగ్గర ఏం మరిచిపోయినా భయం లేదప్పా" అని పేటలో అనుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు లోలోపల గర్వంగా ఉండేది. అందుకే ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

పదకొండేళ్ల కిందట ఒక ఉదయం ఇద్దరు పెద్దమనుషులు అంగడికి వచ్చారు. ఇద్దరికీ అరవై అయిదు దాటి ఉంటాయి. ఒకాయన పొడుగు, మెడలో కెమెరా. ఇంకొకాయన పొట్టి, చంకలో పొడుగాటి నోటుబుక్కు, చేతిలో నల్లటి జిప్పు పౌచు. వాళ్ల పేర్లు నేను అడగలేదు. మనసులో ఒకరిని కెమెరా ఆయన అనీ, ఇంకొకరిని నోటుబుక్కు ఆయన అనీ పిలుచుకున్నాను.

"అమ్మా, ఈ బుక్కులో ఉండేదంతా నీటుగా టైపు చేసి ఇయ్యల్ల. కూర్చోమంటే ఈడ్నే కూర్చుంటాం" అన్నాడు నోటుబుక్కు ఆయన.

బుక్కు తెరిచి చూశాను. పేజీకి ముప్పై వరసలు. ప్రతి వరసలో ఒక తేదీ, ఒక నంబరు, తూర్పు నుంచి, పడమర నుంచి అని ఒక మాట, మబ్బు, ఎండ అని ఇంకో మాట.

"ఏం నంబర్లు సార్ ఇవి?"

"విమానాలమ్మా. మిలిట్రీ విమానాలు. తోక మీద నంబరుంటాది గదా, అది. వీడు ఫోటో కొడతాడు, నేను నంబరు రాస్తా. రిటైరైనోళ్లకి ఇంకేం పనుండాది చెప్పు."

రెండు గంటలు కూర్చున్నారు. ఆయన చదువుతుంటే నేను టైపు చేశాను. నడుమ నడుమ వాళ్లిద్దరికీ పేచీ వచ్చేది. "అది జాగ్వార్ కాదప్పా, కిరణ్" అని ఒకరు, "నువ్వు కెమెరాలో చూసినావు, నేను నా కండ్లతో చూసినా" అని ఇంకొకరు. పేచీ తీర్చడానికి పౌచులోంచి ఒక డిస్కు తీసి నా కంప్యూటర్లో వేయించేవాళ్లు. తెర మీద నీలాకాశం, మధ్యలో విమానం. పెద్దది చేసి నంబరు చూసి, ఓడినాయన గెలిచినాయన భుజం మీద ఒకటి కొట్టేవాడు. అలా మూడు నాలుగు డిస్కులు వేసి తీశాం. పన్నెండు పేజీలు ముద్రించి ఇచ్చాను. నోటుబుక్కు చంకన పెట్టుకుని, పేజీలు మడత పడకుండా పట్టుకుని, ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లారు.

సాయంత్రం అంగడి కట్టేసేటప్పుడు చూస్తే స్టూలు మీద నల్ల పౌచు ఉంది. లోపల పన్నెండు డిస్కులు. రేపో ఎల్లుండో వస్తారులే అని సొరుగులో పెట్టాను. పైన రాయడానికి పేరు తెలియదు.

వారం గడిచింది, నెల గడిచింది. ఎవరూ రాలేదు.

ఆ ఎండాకాలం మా మిద్దె మీద పావురాల బెడద ఎక్కువైంది. అప్పడాలు ఆరబెడితే అప్పడాల మీద, బట్టలు ఆరేస్తే బట్టల మీద. తళతళలాడే డిస్కులు వేలాడదీస్తే పావురాలు రావని ఎదురింటి ఆవిడ చెప్పింది. వాళ్ల మిద్దె మీద అలాగే కట్టి ఉన్నాయి కూడా. మా ఇంట్లో పాత డిస్కులు లేవు. సొరుగులో ఉన్నాయి.

నాకు తెలియక చేశానని చెప్పుకోలేను. అవి ఎవరివో తెలుసు, వాటిలో ఏముందో నా కళ్లతో చూశాను. రెండు నెలలైనా రాలేదంటే వాళ్లకు అక్కర లేదేమో అనుకున్నాను. ఇంట్లో ఇంకో కాపీ ఉండే ఉంటుంది అనుకున్నాను. పన్నెండింటిలో నాలుగే కదా అని కూడా అనుకున్నాను. నా చేయి ఆ పౌచులోకి పోయినప్పుడు ఒక్క క్షణం ఆగింది, అది బాగా గుర్తుంది. ఆగి, మళ్లీ పోయింది. పై నాలుగూ తీసి నైలాన్ దారం కట్టి, బట్టల తీగకు వేలాడదీశాను. ఎండకు అవి గిర్రున తిరుగుతుంటే చూడ్డానికి బాగుందనిపించింది కూడా.

ఆ తరువాత పది రోజులకు ఇద్దరూ వచ్చారు.

ఈసారి నవ్వులు లేవు. కెమెరా ఆయన చిక్కిపోయి ఉన్నాడు. నోటుబుక్కు ఆయన నేరుగా స్టూలు దగ్గరికి వెళ్లి దాని మీద చేయి పెట్టాడు.

"అమ్మా, నల్ల జిప్పు పౌచు. ఆ దినం ఈ స్టూలు మీదనే పెట్టినట్టు నాకు బాగా జ్ఞాపకముండాది. వీడి దగ్గరుండాదని నేను, నా దగ్గరుండాదని వీడు, ఇన్ని దినాలూ అట్లే ఉండిపోతిమి. చూసినావా అమ్మా?"

నాలుగు డిస్కులు ఆ క్షణాన సరిగ్గా ఆయన తల పైన, మూడంతస్తుల ఎత్తున, ఎండలో తిరుగుతున్నాయి. మిగిలినవి నా మోకాలికి తగిలే సొరుగులో ఉన్నాయి. నేను జెరాక్స్ మిషను మూత మీద చేయి పెట్టుకుని నిలబడ్డాను. మిషను వేడిగా ఉంది. ఉన్నాయి సార్, కానీ నాలుగు పాడయ్యాయి అని చెప్పాలంటే ఎలా పాడయ్యాయో చెప్పాలి. మిద్దె మీదికి తీసుకెళ్లాలి. ఆ తీగ చూపించాలి.

"లేదు సార్" అన్నాను.

"సరిగ్గా చూడమ్మా."

"ఇక్కడేమీ లేదు సార్. ఉంటే నేనే దాచిపెట్టుండేదాన్ని. ఎవరి వస్తువూ నేను పారేయను. పేటలో ఎవరినైనా అడగండి."

ఆ చివరి మాట అనవలసిన పని లేదు. లేదు అని ఊరుకుంటే సరిపోయేది. నా మంచి పేరును కూడా తెచ్చి ఆ అబద్ధానికి అడ్డం పెట్టాను.

కెమెరా ఆయన నన్ను చూడలేదు. తల తిప్పి స్నేహితుణ్ని చూశాడు. ఎక్కువసేపు కాదు. కోపంగా కూడా కాదు. ఇంతకాలం తెలిసిన మనిషిని ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. నోటుబుక్కు ఆయన చేయి స్టూలు మీది నుంచి నెమ్మదిగా కిందికి జారింది.

"మా కంప్యూటరు సచ్చిపోయిందమ్మా" అన్నాడు కెమెరా ఆయన నాతో. "ఉండేదంతా ఆ డిస్కుల్లోనే. ఎప్పుడన్నా దొరికితే ఒక ఫోన్ చెయ్యి." చిన్న చీటీ మీద నంబరు రాసి మేజా మీద పెట్టాడు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. వాళ్లు వీధి మలుపు దాటడానికి కనీసం రెండు నిమిషాలు పట్టింది. ఎవరెవరి రేషన్ కార్డుల కోసమో ఆ మలుపు దాకా పరుగెత్తినదాన్ని, ఆ రోజు కదలలేదు.

వాళ్లు కనుమరుగయ్యాక మిద్దె ఎక్కాను. రెండు డిస్కుల మీద మెరుపు పొరలు పొరలుగా లేచిపోయింది. ఒకటి గాలికి గోడకు కొట్టుకుని చీలింది. నాలుగోది చూడ్డానికి బాగానే ఉంది, కంప్యూటర్లో వేస్తే తెరుచుకోలేదు. నాలుగింటినీ చెత్తలో వేశాను. మిగిలిన ఎనిమిదింటితో పౌచును అటక మీద పాత కాగితాల కట్టల వెనక తోసేశాను. చీటీ మాత్రం మూడు రోజులు మేజా అద్దం కింద ఉంది. అటు ఇటు తిరిగినప్పుడల్లా ఆ పది అంకెలు కనిపించేవి. నాలుగో రోజు చించేశాను.

మా ఆయనకు చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. మరిచిపోయానా అంటే అదీ లేదు. యలహంక వైపు విమానాల ప్రదర్శన జరిగే రోజుల్లో యుద్ధ విమానాలు ఊరి మీదుగా పోతాయి. వీధిలో అందరూ బయటికొచ్చి తలెత్తి చూస్తారు. నేను ఏదో పని ఉన్నట్టు అంగట్లోకి వెళ్లిపోయేదాన్ని.

ఈ ఏడాది మొదట్లో అంగడి మూసేశాం. ఫోన్లోనే అన్నీ అయిపోతుంటే కాగితాలకు ఎవరొస్తారు? గది ఖాళీ చేసే రోజు మా ఆయన నిచ్చెన వేసుకుని అటక మీది కట్టలు కిందికి అందిస్తున్నారు. బళేపేటలో హార్డ్‌వేర్ అంగట్లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, ఏ వస్తువునైనా తిప్పి చూడకుండా వదలరు. పౌచు తీసి దుమ్ము ఊది జిప్పు లాగారు.

"ఎవరివే ఇవి?"

అప్పుడు చెప్పాను. నిచ్చెన కింద నిలబడి, దుమ్ము పట్టిన కట్ట ఒకటి చేతుల్లో పట్టుకుని, మొత్తం చెప్పాను. ఆయన నిచ్చెన మీదే కూర్చుండిపోయారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"నీ పనేనా ఇది?" అన్నారు కాసేపటికి. ఆ తరువాత ఆయనకు భయం పట్టుకుంది. "మిలిట్రీ విమానాలంటే సుమ్నె కాదు, ఊరికే పోయే మాట కాదు. ఇన్నేండ్లు ఎందుకు పెట్టుకొనుండావని పోలీసులు అడిగితే ఏం చెప్తావు? పారేయ్. ఎవరికీ తెలీదు."

ఆ భయం నాకు భలే అక్కరకొచ్చింది. రెండు రోజులు దాన్నే పట్టుకుని కూర్చున్నాను. నిజమే కదా, మిలిట్రీ వ్యవహారం, మనకెందుకు అని. మూడో రోజు పాత కంప్యూటరును పాత సామాన్లవాడు తీసుకుపోవడానికి వస్తానన్నాడు. డిస్కులు వేసి చూడ్డానికి ఇంట్లో ఉన్నది అదొక్కటే. అతను రాకముందే ఒక డిస్కు వేశాను.

ఒక్కో డిస్కులో వందల ఫోటోలు. అన్నీ కింది నుంచి పైకి తీసినవి. చక్రాలు ఇంకా లోపలికి ముడవని విమానాలు, పొట్ట మీద బోల్టులు లెక్కపెట్టగలిగినంత దగ్గరగా. ఒకదానిలో పైలట్ చేయి అద్దంలోంచి పైకెత్తి ఉంది, వీళ్లను చూసే ఎత్తాడేమో. రహస్యమేమీ లేదు. వీధిలో తలెత్తిన ఎవరికైనా కనిపించేవే. మా ఆయనను పిలిచి చూపించాను. ఆయన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

అయిదో డిస్కులో ఒక ఫోటో మిగతావాటిలా లేదు. మిద్దె మీద నోటుబుక్కు ఆయన నిలబడి ఉన్నాడు. గడ్డం పైకెత్తి ఆకాశంలోకి చూస్తూ, బుక్కు చూడకుండానే అందులో రాస్తున్నాడు. ఆయన వెనక, పిట్టగోడ అవతల వీధిలో పిండి మర బోర్డు. కన్నడంలో పైన మర పేరు, కింద పేట పేరు. పాత విమానాశ్రయం గోడ పక్కన ఉండే పేట.

సామాన్లవాడు వస్తే రేపు రమ్మని చెప్పి పంపేశాను.

మరుసటి రోజు రెండు బస్సులు మారి అక్కడికి వెళ్లాను. పిండి మర లేదు, దాని స్థానంలో వ్యాయామశాల ఉంది. చుట్టూ అయిదారు అంతస్తుల ఇళ్లు లేచాయి. ఇస్త్రీ బండి దగ్గర ఒకావిడ ఉంటే, తెర మీది నుంచి ఫోన్లో తీసుకున్న ఆ ఫోటో చూపించి అడిగాను.

"ఈయన ఇప్పుడిక్కడ లేడమ్మా. ఈయన జతలో కెమెరా పట్టుకొని తిరిగినాయన ఉండాడు. విమానాల తాత అంటారు. అదో, పచ్చ గేటు, మూడో మాళిగె."

మూడో అంతస్తుకు మెట్లు ఎక్కుతుంటే ప్రతి మలుపులోనూ ఆగాను. ఆయాసమని నాకు నేను చెప్పుకున్నాను.

తలుపు ఆయన కూతురు తీసింది. లోపల కుర్చీలో కెమెరా ఆయన. జుట్టంతా రాలిపోయింది, చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. కాటన్‌పేట జెరాక్స్ అంగడి అని చెప్పాను. ఆయనకు గుర్తు రావడానికి కొంచెం సమయం పట్టింది. పౌచు ఆయన ఒళ్లో పెట్టాను.

బస్సులో వెళ్తూ, జరిగింది జరిగినట్టు చెప్పాలని మాటలు కూర్చుకున్నాను. తీరా నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట. "అంగడి ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికాయి సార్. ఎనిమిదే ఉన్నాయి."

అది అబద్ధం కాదు. అబద్ధం కంటే హీనమైనది.

ఆయన జిప్పు తీసి, ఒక్కొక్క డిస్కూ వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ లోపల పెట్టాడు. సంతోషిస్తాడని అనుకున్నాను. ఆయన మొహం అలాగే ఉంది.

"స్టూలు మీద పెట్టినానని వాడు చెప్తానే ఉన్యాడు" అన్నాడు చివరికి. "వాడు చెప్పిందే నిజం."

ఆయనే చెప్పాడు. వాళ్లిద్దరూ విమానాల ఫ్యాక్టరీలో ఒకే బెంచీ మీద ముప్పై ఏళ్లు పనిచేశారట. రెక్కల రేకులు బిగించే పని.

"లోపలికి కెమెరా తీసుకుపోయేదానికి లేదమ్మా. ముప్పై ఏండ్లు చేసిన పనికి మా దగ్గర ఒక్క ఫోటో లేదు. రిటైరైనంక ఈ మిద్దె మీద నిలబడి తీసినాం. నంబరు ఎందుకు రాసేదంటే, ఆ నంబరు చూస్తే అది మా చేతిలో తయారైందో లేదో వాడు చెప్పేస్తాడు. ఇది మనదిరా అంటాడు. ఊరికే విమానాల పిచ్చనుకొన్నారు అందరూ. మా చేతి పనిని మేం చూసుకొంటాంటిమి."

"పోయిన నాలుగూ?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మొదటివి. కిరణ్‌లు. అవి ఇప్పుడు ఎగరడం లేదు. మళ్లీ తీసేదానికి లేదు."

పౌచులో డిస్కులు వరసగా పెట్టుకున్నారన్నమాట. పైన ఉన్న నాలుగూ మొదటివి. నేను పైనున్నవే తీశాను.

ఆ రోజు మా అంగడి నుంచి ఇంటికి పోయాక వాళ్లిద్దరికీ మాటా మాటా పెరిగిందట. నువ్వే ఎక్కడో పోగొట్టి ఆ ఆడమనిషి మీద తోస్తున్నావు అని ఈయన అన్నాడట. వీధిలో నలుగురూ వింటుండగా అన్నాడట. నోటుబుక్కు ఆయన తిరిగి ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. ఆ తరువాత ఏడాదికి కూతురు దగ్గర ఉంటానని జిగణికి మారిపోయాడు. ఫోన్ లేదు, రాకపోక లేదు.

"నన్ను వాడి దగ్గరికి తీసుకుపో అమ్మా" అన్నాడు కెమెరా ఆయన. "నువ్వే చెప్పల్ల. నీ అంగట్లోనే దొరికిందని నీ నోటితో చెప్తే వాడి మనసు చల్లబడతాది."

ఆదివారం వెళ్లాం. ఆయన కూతురు అడ్రసు కనుక్కుంది. జిగణి దాకా బస్సులో ఆయన పక్కనే కూర్చున్నాను. దారి పొడవునా ఆయన నాకు దండాలు పెడుతూనే ఉన్నాడు. ఇన్నేళ్ల తరువాత ఇంత దూరం వెతుక్కుంటూ ఎవరొస్తారమ్మా, నీలాంటోళ్లు ఉండబట్టే, అని. కిటికీలోంచి ఫ్యాక్టరీ షెడ్లు చూస్తూ తల ఊపాను. ఇప్పుడు చెప్దాం, ఈ స్టాపు దాటాక చెప్దాం అనుకుంటూ చివరి స్టాపు దాకా వెళ్లాను.

నోటుబుక్కు ఆయన ఇల్లు కార్మికుల ఇళ్ల వరసలో ఉంది. గడప ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. తలెత్తి మొదట స్నేహితుణ్ని కాదు, నన్ను చూశాడు. వెంటనే గుర్తుపట్టాడు.

"కాటన్‌పేట" అన్నాడు.

కెమెరా ఆయన పౌచు ముందుకు చాపాడు. "దొరికిందిరా. ఈయమ్మ అంగట్లోనే. నువ్వు చెప్పిందే నిజం. నాది తప్పు."

నోటుబుక్కు ఆయన పౌచు అందుకోలేదు. నన్నే చూస్తున్నాడు. "స్టూలు మీద పెట్టినానని ఆ దినమే చెప్పినానమ్మా. స్టూలు మీద చెయ్యి పెట్టి మరీ చూపించినా. నువ్వు లేదన్నావు. ఎవరినన్నా అడగండి అన్నావు."

ఆ మాట కూడా ఆయనకు గుర్తుంది.

"ఉంది సార్" అన్నాను. మళ్లీ గట్టిగా అన్నాను. "అప్పుడు సొరుగులోనే ఉంది. నాలుగు డిస్కులు తీసి మిద్దె మీద కట్టాను. పావురాలు రాకుండా. మీరు వచ్చినప్పుడు అవి అక్కడే వేలాడుతున్నాయి. చెప్పడానికి సిగ్గుపడి లేదన్నాను. మీరిచ్చిన ఫోన్ నంబరు కూడా చించేశాను."

లోపల ఆయన కూతురు గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది. కెమెరా ఆయన పక్కనున్న గోడ పట్టుకున్నాడు. బస్సులో నాకు దండం పెట్టిన చేతులు అవి. వాటి వైపు చూడలేకపోయాను.

నోటుబుక్కు ఆయన పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పావురాలు పోయినాయా మరి?" అని అడిగాడు.

"పోలేదు సార్."

ఆయన నవ్వాడు. అది నవ్వేనో కాదో. తరువాత స్నేహితుడి వైపు తిరిగాడు.

"ఈయమ్మ ఒక మాట అబద్ధం చెప్పింది. నువ్వు దాన్ని పదేండ్లు నమ్మినావు. ముప్పై ఏండ్లు ఒకే బెంచీలో కూర్చున్నోడి మాట నమ్మలేదు, రెండు గంటలు చూసిన మనిషి మాట నమ్మినావు. దానికి ఈయమ్మ ఏం చేస్తుంది?"

నిజం చెప్పాలి. ఆ మాటకు నా గుండె మీద బరువు కొంచెం దిగినట్టయింది. తప్పులో సగం ఇంకొకరి మీదికి పోయినందుకు. పక్కనే ఆ ముసలాయన గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు, నాకేమో తేలికగా ఉంది. ఆ తేలికదనం గుర్తొస్తే, మిద్దె మీద డిస్కులు కట్టినందుకంటే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

"కాఫీ తాగి పొండి" అన్నాడు నోటుబుక్కు ఆయన చివరికి. కూతురు మూడు గ్లాసులు తెచ్చింది. ముగ్గురం తాగాం. బయల్దేరేటప్పుడు ఆయన పౌచు తీసుకుని, తెరవకుండానే స్నేహితుడికి తిరిగి ఇచ్చేశాడు. "నీ దగ్గరే పెట్టుకో. ఈసారి నా చేతికియ్యొద్దు" అన్నాడు. అది కోపమో ఎగతాళో నాకు అర్థం కాలేదు.

తిరుగు బస్సులో కెమెరా ఆయన నా పక్కన కూర్చోలేదు. ముందు సీటు ఖాళీగా ఉంటే అక్కడికి వెళ్లాడు. గంటన్నర సేపు ఆయన బట్టతలనే చూస్తూ కూర్చున్నాను. బస్సు దిగాక ఆయనను ఇంటి గేటు దాకా దిగబెట్టాను. వెనక్కి తిరగకుండా, "పోయొస్తానమ్మా" అని మాత్రం అన్నాడు. తన ఇంటి ముందు నిలబడి పోయొస్తానన్నాడు.

మా ఆయన జరిగినదంతా విని, "చెప్పినావు గదా, అయిపోయింది లే" అన్నారు. అయిపోలేదని ఆయనకూ తెలుసు.

రెండు నెలలకు కెమెరా ఆయన కూతురు ఫోన్ చేసింది. ఏడు డిస్కులు తెరుచుకున్నాయట, ఒకటి తెరుచుకోలేదట. అన్నీ టీవీలో కనిపించేలా తను పెన్‌డ్రైవులో వేసిందట. నోటుబుక్కు ఆయన మొదట ఒకసారి ఫోన్ చేశాడట, ఎలా ఉన్నావని కాదు, ఒక విమానం నంబరు సరిచూడమని. ఆ తరువాత ఒకసారి వచ్చాడు. ఇప్పుడు నెలకోసారి వస్తున్నాడు. ఇద్దరూ టీవీ ముందు కూర్చుని ఫోటోలు చూస్తారు. పోయిన డిస్కుల వంతు వచ్చినప్పుడు ఆయన నోటుబుక్కు తీసి వరసలు చదువుతాడు, మా నాన్న కళ్లు మూసుకుని వింటాడు, అంది ఆ అమ్మాయి. కొన్నిసార్లు మళ్లీ పోట్లాడుకుంటారనీ, పాత విషయం లేస్తుందనీ, ఒకసారి నోటుబుక్కు ఆయన కాఫీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడనీ చెప్పింది.

"మా నాన్న మాట్లాడతాడంట" అని ఫోన్ ఆయనకిచ్చింది.

"అమ్మా, వచ్చే ఆదివారం వాడొస్తాండాడు. నువ్వూ ఒకతూరి రా" అన్నాడు కెమెరా ఆయన.

ఏదో పని ఉందని చెప్పడం నాకు చాలా సులభం. ఆ ఆదివారం నిజంగానే మా బంధువులింట్లో నామకరణం ఉంది కూడా.

"పనేం లేదు సార్" అన్నాను. "మీ ఇద్దరి మధ్యన కూర్చోవాలంటే సిగ్గుగా ఉంది. అందుకే రాలేను."

అవతల టీవీ చప్పుడు సన్నగా వస్తోంది.

"సరేమ్మా" అన్నాడు ఆయన, ఫోన్ కూతురికిచ్చేశాడు.